కోడిగూటి పాము

ఎర్సీలియా పెట్టె మూత తీసి, పామును చేతిలోకి తీసుకుని పొట్ట తిప్పి చూసింది. పొలుసుల మీద ఆకుపచ్చ సిరాతో ఏడు అంకె కనిపించింది. ఆ అంకె వేసింది ఆమే.

"ఇది ఉత్సవంలో పాము కదూ?"

బెరార్దో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఇటలీలో అబ్రుజ్జో కొండల్లోని ఆ ఊళ్లో ప్రతి వసంతంలో కుర్రాళ్లు విషం లేని పాములు పట్టి, ఇళ్లలో సాకి, మే నెల ఉత్సవంలో ఊరి పునీతుడి విగ్రహం మీద వేసి ఊరేగిస్తారు. మర్నాడు ఏ పామును ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. తాతల నాటి కట్టు అది. పట్నం నుంచి వచ్చిన పశువుల డాక్టరమ్మ ఎర్సీలియా ఒక్కో పామునూ పరీక్షించి, అంకె వేసి, దొరికిన చోటు రిజిస్టరులో రాసుకుంది. వదిలేశామని అందరూ సంతకాలు పెట్టారు. బెరార్దో కూడా పెట్టాడు. నెల తర్వాత, ఓ పాము తిండి మానేసిందని ఆమెకే ఫోన్ చేశాడు.

ఎర్సీలియా కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేదనిపించింది అతనికి. పెట్టె పొడవెంత, పాము పొడవెంత అని అడిగింది. వెచ్చదనానికి ఏం పెట్టారంది. అడవి పామును ఇంట్లో ఉంచుకోవడానికి అనుమతి ఉందా అంది.

"ఇది ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఇరవై ఏళ్లూ చూస్తారా?"

"అంత దూరం ఆలోచించలేదండీ."

"మరి ఏం ఆలోచించారు?"

ఆలోచించింది ఒక్కటే, పాము ఉంటే ఈవిడ మళ్లీ వస్తుందని. పైకి మాత్రం, "తిండి మానేసిందండీ," అన్నాడు.

ఆమె పాము పొట్ట మెల్లగా తడిమింది. గుడ్లతో ఉంది, అందుకే తినడం లేదంది. ఈ పెట్టెలో పెడితే గుడ్లు బతకవని, దానికి తెలిసిన చోటే కావాలని చెప్పి రిజిస్టరు తెరిచింది. "పాత బురుజు కింద కొండచరియ. పదండి."

ఉత్సవం నాడు ఆమె చుట్టూ చేరిన కుర్రాళ్లు తలా ఓ సాహసం చెబుతుంటే, తాడు కట్టుకుని చరియ దిగి ఈ పామును పట్టానని బెరార్దో కూడా కోతలు కోశాడు. ఆమె రాసుకున్నది అదే.

గంటసేపు ఎక్కారు. ఎండ మాడ్చేస్తోంది. పామున్న గుడ్డసంచిని ఎర్సీలియా తన నీడలో పట్టుకుని నడిచింది. ఒకచోట కాలు జారి అతని చెయ్యి పట్టుకుంది. నెల రోజులుగా అతను కలలు కన్నది ఆ చేతి గురించే. తీరా అందాక, అందుకోవడానికే సిగ్గేసింది.

పైకి చేరాక ఆమె సంచి ముడి విప్పబోయింది.

"ఆగండి," అన్నాడు. "ఇక్కడ కాదు."

"ఏ రాయి కింద?"

"ఏ రాయీ కాదు. మా తాత కోడిగూడు వెనక, కట్టెల కుప్పలో దొరికింది. తాడూ లేదు, చరియా లేదు. గుడ్లు మింగి పడుకుంటే చేత్తో తీసుకున్నాను. మీరు వింటున్నారని అబద్ధం చెప్పాను. మీరు వస్తారని దీన్ని దాచాను."

ఎర్సీలియా సంచి ముడి మళ్లీ బిగించింది. "కొండెక్కేదాకా ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"మీ సిగ్గు కోసం దీని పిల్లలు చచ్చేవి."

అతనికి తల కొట్టేసినట్టయింది. దిగేటప్పుడు సంచిని తనే నీడలో పట్టుకుని నడిచాడు.

కోడిగూడు దగ్గర తాత పాన్ఫిలో గింజలు చల్లుతున్నాడు. నలభై ఏళ్లు పాములు పట్టిన మనిషి. ఆయన కళ్లముందే బెరార్దో సంచి విప్పాడు. పాము కట్టెల సందులోకి చకచకా దూరింది. ఎర్సీలియా రిజిస్టరు చాపి, కొండచరియ అన్నది కొట్టేసి, కోడిగూడు వెనక అని అతని చేతే రాయించింది. వచ్చే ఏడు ఉత్సవంలో ఊరంతా చదివే పుస్తకం అది.

"వదిలేశానని నాకూ చెప్పావు కదరా," అన్నాడు తాత.

"చెప్పాను తాతా. తప్పే." బెరార్దో తల ఎత్తలేదు.

ఎర్సీలియా కారు దాకా వెళ్లి ఆగింది. ఆగస్టు చివర్లో పిల్లలు బయటికొస్తాయని, అప్పటిదాకా ఆ కట్టెలు ఎవరూ కదపకూడదని, వారం వారం ఎవరో ఒకరు చూడాలని చెప్పింది. తను చూసి ఫోన్ చేస్తానన్నాడు బెరార్దో.

"నీ మాట మీద వదిలేస్తానా? నేనే వస్తాను," అంది. కారు తలుపు తీస్తూ, "ఈసారి నేను రావాలని నీకనిపిస్తే నేరుగా రమ్మను. మధ్యలో పామెందుకు?" అంది.

బెరార్దో ఆ రోజంతటిలో మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఆదివారం రండి."

"గుడ్డట్టు నేను వేస్తాను," అన్నాడు వెనకనుంచి తాత, "పాము ఏమన్నా మిగిలిస్తే."