ఏడో తొట్టికి మూడు గరిటెలు

"ఏడో తొట్టికి ఇరవై నాలుగు దోసెలు! వేడిగా ఉన్నాయి. ఎక్కడ పెట్టమంటావే రత్నం?"

క్యాంటీన్ అప్పలకొండ రెండు చేతుల్తో పళ్ళెం పట్టుకుని తొట్టి గట్టు మీద నిలబడ్డాడు. మోకాలి లోతు నీళ్ళలో పగడపు కొమ్మల మీది నాచు తోముతున్న నూకరత్నం తలెత్తింది.

"దోసెలెవరడిగారు మావా?"

"నువ్వే కదేటి మైకులో అరిసినావు! రోజుకి ఇరవై నాలుగు, గంటకొకటి అని. గంటకొకటైతే నా పెనం ఏటైపోద్ది? అన్నీ ఒకేసారి తెచ్చీసినాను."

"డోసులు మావా, డోసులు! మితితో మొత్తుకుంటన్నాను!"

మితి అంటే పగడం ఎదగడానికి కావలసిన క్షారాన్ని తొట్లకు కొలిచి పోసే యంత్రం. మాట్లాడేది మితంగానే గానీ, విన్నవాళ్ళకు మతి పోతుంది. పైకప్పు నుంచి దాని గొంతు వినిపించింది. "ఏడో తొట్టి. క్షారమట్టం ఎనిమిది. వాడకం స్వల్పం. నేటి డోసులు మూడు."

"విన్నావా? మళ్ళీ మూడే!" బ్రష్షు నీళ్ళలోకి విసిరికొట్టింది రత్నం. క్షారం మాటెత్తితే ఆమెకు ఒంటికి కారం రాసినట్టుంటుంది.

సముద్రం పుల్లబడి ముప్పై ఏళ్ళయింది. అందులో మిగిలిన పగడమంతా కరిగిపోయింది. నీరు కోలుకున్న రోజున తిరిగి నాటడానికి భీమిలి తీరాన నలభై తొట్లలో విత్తనపు పగడాన్ని పెంచుతున్నారు. దుప్పికొమ్ము జాతి మాత్రం ఒక్క ఏడో తొట్టిలోనే బతికి ఉంది. వేలెడంత ముక్కను రత్నం తొమ్మిదేళ్ళు సాకి, తన నడుమెత్తు చేసింది. రెండేళ్ళుగా అది ఎదగడం మానేసింది. ఒకప్పుడు రోజుకు ఇరవై నాలుగు చిన్న డోసులు పోసిన మితి, "తాగడం లేదు" అంటూ తగ్గించి తగ్గించి మూడుకు దించింది. ఎదగని పగడానికి చివరి మజిలీ పొడిమర. మెత్తగా నూరి, ఆ సున్నాన్ని పక్క తొట్ల పగడాలకు మేతగా వేస్తారు.

పొడిమర బండి అప్పటికే గుమ్మం ముందుంది. తొట్ల అధికారి త్రివిక్రమరావు సంతకం పలకతో లోపలికి వచ్చాడు. అదే తొట్టికి రాత్రి డ్యూటీ చేసి దిగిన ఎల్లాజీ ఇంటికి వెళ్ళకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"కొనలు చూశావా అమ్మా? తెల్లగా కాలిపోయాయి," అన్నాడు అధికారి. "దీనికి ఆకలి చచ్చిపోయింది."

"ఆకలి సచ్చిన పగడం కాదు సార్. ఆకలితో సచ్చిపోతన్న పగడం. గంటగంటకీ రవ్వంత పోసి చూడండి."

"మితి లెక్క తప్పదు. రోజుకు మూడుసార్లు కొలుస్తుంది. ఎప్పుడు కొలిచినా ఎనిమిదే. పోసింది పోసినట్టే ఉంటే ఇక తాగుతున్నదేమిటి?"

"సార్, ముందు దోసె తినండి," అంటూ మధ్యలో దూరాడు అప్పలకొండ. అధికారి ఒకటి తిన్నాడు. చాలన్నాడు. రెండోది పడింది. పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళ సందులోంచి మూడోది జారింది.

"చాలన్నాను కదయ్యా! చాలంటే అర్థం కాదా నీకు?"

"తమరు మొగమాటపడతన్నారు. మనిషికైనా పగడానికైనా లెక్కెట్టి వడ్డించడం నా సేత కాదు సార్. ఆ యంత్రం మూడు సుక్కలతో సరిపెడతంటే కడుపు తరుక్కుపోయి, రోజూ మధ్యాన్నం నానే ఓ గరిటెడు..."

అప్పలకొండ నాలుక కరుచుకున్నాడు. ఎల్లాజీకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

గోడ మీద ఎర్ర అక్షరాలు అందరికీ కనిపిస్తున్నాయి: చేత్తో పోసినవారు ఉద్యోగం నుంచి తొలగింపబడతారు.

రత్నం ఎల్లాజీ వంక చూసింది. "బావా, నీ దగ్గెందుకు?"

"నాకేటి తెల్సు?" అని నేల చూశాడతను.

రత్నం గట్టెక్కింది. పాత డ్రమ్ము వెనక చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన గరిటె తీసింది. తడి కాళ్ళతోనే మైకు దగ్గరికి నడిచింది. ఆ మైకులో మాట్లాడితే నలభై తొట్లకూ వినిపిస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"మితీ, రాసుకో. ఏడో తొట్టి, నూకరత్నం. రెండేళ్ళుగా రోజూ పొద్దున్న నీ కొలత అవగానే ఒక గరిటె క్షారం నా చేత్తో పోస్తన్నాను."

పలక త్రివిక్రమరావు చేతిలోంచి జారి, దోసెల పళ్ళెంలో పడింది.

ఎల్లాజీ చొక్కా లోపల్నుంచి మరో గరిటె బయటికొచ్చింది. "నేను రాత్రి పోస్తాను మరదలా. నేనొక్కణ్ణే అనుకున్నాను."

"నాది పెద్దది," అన్నాడు అప్పలకొండ, ఏడుపు గొంతుతో. "సాంబారు గరిటె."

మితి పదకొండు క్షణాలు లెక్క తిరగేసింది. మితి మీరిన ఆలస్యం. ఆ తర్వాత, "మూడు గరిటెలు కలిపితే ఏడో తొట్టి వాడకం నలభై తొట్లలో అత్యధికం. మట్టం రోజుకు మూడుసార్లు పదకొండుకు ఎగిరి ఎనిమిదికి పడుతోంది. కొనలు కాలడానికి కారణం అదే," అంది. ఆ వెంటనే అడిగింది. "మిగతా తొట్లలోనూ గరిటెలున్నాయా?"

మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు. "పన్నెండో తొట్టి. ఒక గరిటె." "ముప్పై మూడు. నాదీ, మా ఆవిడదీ." "పంతొమ్మిది. గరిటె కాదు, గ్లాసు."

"రెండేళ్ళ లెక్కలు చెల్లవు," అంది మితి. "నలభై తొట్లకూ డోసులు నిలిపివేశాను. ఇక గంటకోసారి మీరే కొలిచి చెప్పండి, ఆ లెక్కనే పోస్తాను."

త్రివిక్రమరావు తల పట్టుకున్నాడు. ఒక్కరినైతే తొలగించేవాడు. అందరినీ తొలగిస్తే గంట గంటకూ కొలిచేదెవరు? బండి ఖాళీగా పోకుండా గరిటెలన్నీ అందులో వేయించాడు. అరవై ఒకటి తేలాయి, గ్లాసు కాక. అప్పలకొండ బండి వెనక పరిగెత్తాడు. "సార్! నాదిచ్చీండి, మధ్యాన్నం సాంబారుంది!"

తొట్లన్నిటి నుంచీ ఒకటే ప్రశ్న: అసలేం జరిగింది? రత్నం మళ్ళీ మైకు అందుకుంది.

"వినండి. మితి తగ్గిస్తందని మనం పోశాం. మనం పోశామని అది తగ్గించింది. ఎవరికాళ్ళం మనమొక్కళ్ళమే పగడం కడుపు సూస్తన్నామనుకున్నాం. గంటగంటకీ రవ్వంత తాగాల్సినదానికి పూటకో బొచ్చెడు గుమ్మరించాం. తెలిసిందా? ఇంకోటి, పొద్దున్న నేనడిగింది డోసులు. దోసెలు కావు. ఇంకా ఇరవై ఒకటున్నాయి, రండి."

గంట కొట్టింది. రత్నం కొలిచింది. "ఏడున్నర," అని చెప్పింది. పైపులోంచి రవ్వంత క్షారం జారింది, అంతే. ఆమె చెయ్యి అలవాటుగా డ్రమ్ము వెనక్కి వెళ్ళింది. అక్కడ ఖాళీ గుడ్డ దొరికింది. ఆ గుడ్డతో చెయ్యి తుడుచుకుని, గట్టు మీద కూర్చుని, తర్వాతి గంట కోసం చూడసాగింది.