పిల్లి ఎదురొచ్చిన ఆదివారం

"చెయ్యి ఇలా ఇవ్వండి," అంది లక్ష్మీతులసి.

అడగడమే ఆలస్యం, ఇచ్చేశాడు జనార్దన్. ఆ పిల్ల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"రొయ్యల మేత! అందుకే మా బుజ్జులు మిమ్మల్ని అలా నాకేస్తోంది. ప్రేమా లేదు, ఏమీ లేదు."

"నాకైతే ఉందండి," అనేసి నాలుక కరుచుకున్నాడు. "పిల్లి మీద."

అమలాపురంలో దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ చేరదీసే షెడ్డు అది. అక్కడ అన్నీ తులసే. ఉప్పలగుప్తం నుంచి బండేసుకొచ్చిన జనార్దన్ పుట్టి బుద్ధెరిగాక పిల్లిని పెంచింది లేదు. వాట్సాప్‌లో ఈ ఒంటిచెవి పిల్లి ఫొటో చూశాడు, అంతే, మూడు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు పిల్లినిచ్చే పిల్లనీ చూశాడు. ఇక నిద్ర కూడా పోయినట్టే.

"రెండు షరతులండి. ఆదివారం నేనొచ్చేసరికి ఇంట్లో పిల్లి పారిపోయే సందు ఉండకూడదు. ఇంట్లో అందరూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఒక్కరు కాదన్నా వెనక్కి తెచ్చేసుకుంటాను."

"ఆయ్!" అన్నాడు, ఎగిరి గంతేసినంత పనిచేసి.

ఇల్లేమో మండువా లోగిలి. నడిమధ్య ఆకాశం కనిపిస్తుంది. కుర్రాడు ఊరుకుంటాడా? తన రొయ్యల చెరువు మీద కొంగలు వాలకుండా కట్టే వల తెచ్చి మండువా పైన బిగించేశాడు.

"ఇంట్లో రొయ్యలేస్తున్నావేంట్రా?" అంది మామ్మ వెంకటరమణమ్మ. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

సంగతి విని ఆవిడ చీపురు కింద పడేసింది. "పిల్లా! చెరువుకెళ్ళేవాడికి పిల్లి ఎదురొస్తే ఇంకేమన్నా ఉందా? చచ్చినా సంతకం పెట్టను."

ఆదివారం తులసి బుట్టతో దిగింది. వల చూసి పడీ పడీ నవ్వింది. "ఒకటి పాసయ్యారండి!"

బుట్ట మూత తీసిందో లేదో, జనార్దన్‌కి ఫోను. రొయ్యలు పట్టే రోజు, చెరువు గట్టున లారీ వచ్చేసింది. చెప్పులేసుకుని అడుగేశాడు. బుజ్జులు సర్రున అడ్డంగా పోయింది.

"కూర్చో. మంచినీళ్ళు తాగి వెళ్ళు," అంది మామ్మ.

తాగి లేచాడు. మళ్ళీ అడ్డం. మళ్ళీ చెంబు. మూడోసారికి కడుపు కుండలా అయింది.

"చూశావా అమ్మాయ్? ఈ లెక్కన మావాడు చెరువు మొహం చూడ్డు. తీసుకుపో."

తులసి పిల్లిని బుట్టలో పెట్టింది. జనార్దన్‌కి ప్రాణం గిలగిల్లాడింది. ఆ బుట్టతో పాటు ఆ పిల్ల కూడా గుమ్మం దాటేస్తుంది మరి.

"మామ్మా, తాతయ్య పోయాక నువ్వేం చేసేదానివి? నేను బయల్దేరితే తలుపు చాటుకెళ్ళిపోయేదానివి. ఎవరేమన్నా, ఇంటిమనిషికి శకునమేంటని చెయ్యి పట్టుకుని నిన్నే ఎదురు రప్పించుకున్నాను. ఏ పంటన్నా పోయిందా?"

మామ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. తులసి బుట్ట కింద పెట్టి, మొదటిసారి చూసినట్టు అతన్ని చూసింది.

"ఏదమ్మా ఆ కాయితం?" అని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది మామ్మ. "ఇక ఈ పిల్లీ ఇంటిమనిషే కదా, దీన్ని ఎత్తుకుని నువ్వే ఎదురు రా. లేకపోతే వీడింకో చెంబు తాగాలి."

తులసి బుజ్జుల్ని భుజానేసుకుని గేటు దాకా వెళ్ళి వెనుదిరిగి నడిచొచ్చింది. గుమ్మంలో జనార్దన్ దారి ఇవ్వలేదు.

"రోజూ ఇలా ఎదురొస్తారా అండీ?"

"రోజూ అమలాపురం నుంచి నావల్ల కాదండి." అతని మొహం వాడిపోయేలోగా, "ఇక్కడే ఉంటే చూద్దాం," అంది తులసి.

జనార్దన్ కొయ్యబారిపోయాడు. ఫోను మోగుతోంది. వినపడితేగా!

"ఆ సంతకమూ నేనే పెడతాలే," అని వీపు మీద ఒక్కటేసింది మామ్మ. "ముందు చెరువుకి పోరా, లారీ వెళ్ళిపోతుంది!"