రక్సా రాసిన ‘మూవ్’

"ఈ ‘మూవ్’ ఎవరు పెట్టారు? కంపైలర్ మీద అంత అపనమ్మకం ఎవరికి?"

సీనియర్ నింగ్రుమ్ గొంతు వినగానే బాండుంగ్ నగరంలోని ఆ చిన్న ఆఫీసులో అందరూ తలలెత్తారు. రక్సా ఒక్కడే దించుకున్నాడు. వరద వచ్చేముందు ఊళ్లను హెచ్చరించే ప్రోగ్రాం వాళ్లది. అందులో వాన పటం తయారుచేసే ఫంక్షన్ అనే కోడ్ ముక్క అతనిది. దాని చివర ‘మూవ్’ అని రాయడమంటే, కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కి ‘పటాన్ని మోసుకెళ్లు’ అని చెప్పడం. చేరి మూడు నెలలైనా, ఆమె చేత అక్షింతలు పడని రోజు లేదు.

"నేనేనండీ. అంత పెద్ద పటం ఫంక్షన్‌లోంచి బయటికొచ్చేటప్పుడు కాపీ అవుతుంది కదా. మూవ్ అంటే త్వరగా పోతుందని..."

"నువ్వు సాయం చెయ్యకపోతేనే త్వరగా పోతుంది బాబూ! అడిగినవాళ్ల చోట్లోనే కంపైలర్ పటాన్ని నేరుగా కట్టేస్తుంది. ఇక మోసేదేముంది? నువ్వు మూవ్ అంటే పాపం ఇక్కడ కట్టి, అక్కడికి మోస్తుంది."

"మీరు చెప్పారని నమ్మెయ్యాలా?"

"పందెం! ఓడినవాళ్లు గెలిచినవాళ్ల మాట ఒకటి వినాలి."

పటం కాపీ అయినా, మోసినా తెరమీద ఒక గీత పడేలా పెట్టి నడిపారు. మూవ్ ఉంటే ఒక గీత. తీసేస్తే ఖాళీ తెర. నింగ్రుమ్ కనుబొమలు ఎగరేసింది.

రక్సాకి రోషం వచ్చింది. "ఇప్పుడు మూవ్ లేని మీ ఫంక్షన్ నడుపుదాం."

గీత పడింది! ఆఫీసంతా గొల్లుమంది.

"నిన్నటి పటానికో పేరు, ఇవాళ్టిదానికో పేరు పెట్టారు," అన్నాడు రక్సా. "రెండిట్లో ఏది బయటికెళ్తుందో చివరిదాకా తేలదు. మరి కంపైలర్ ముందే చోటెలా ఇస్తుందండీ, పాపం?"

నింగ్రుమ్ బుగ్గలు ఎరుపెక్కాయి. "సరే, చెరొకటి గెలిచాం. ముందు నా మాట." చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "సురబయాకి బదిలీ అడిగావట. అది వెనక్కి తీసుకో."

రక్సా తెల్లబోయాడు. "నేనంటే మీకు చిరాకనే కదా అడిగింది! రోజూ తిట్లే."

"చిరాకైతే నీ కోడ్ రెండుసార్లెందుకు చదువుతాను?"

"రెండుసార్లా?"

"ఒకసారి తప్పుల కోసం."

"రెండోసారి?"

ఆమె కిటికీలోంచి వానకేసి చూసింది. "అన్నీ విప్పి చెప్పాలా? నువ్వు వెళ్లిపోతే నాకు బాగోదు. చాలా?"

రక్సా బదిలీ అర్జీ తెరిచి, ఆమె ముందే రద్దు నొక్కాడు.

"ఇక నా మాట. ఆదివారం మా ఊరు గారుత్ రావాలి. మా అమ్మ చూస్తానంటోంది."

"నన్నా? నా గురించి ఏం చెప్పావు?"

"రోజూ తిడతారని. అమ్మ నవ్వింది. ‘మూడు నెలలుగా ఆ పిల్ల పేరు తప్ప నీ నోట ఇంకో మాట లేదు, తీసుకురారా’ అంది."

నింగ్రుమ్ తెరకేసి తిరిగింది. పెదవుల మీది నవ్వు మాత్రం దాగలేదు.

"బస్సు ఎన్నింటికి?"