కుప్పమ్మపేటకు దారి

కార్తీక మాసపు ముసురు పట్టి అది మూడో రోజు. పార్థిబన్ ఊత్తుకోటలో బస్సు దిగి, తువ్వాలు నెత్తిన వేసుకుని, అడుగుతూ అడుగుతూ దామోదరంగారి ఇల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది.

పార్థిబన్‌కు ముప్పై ఆరేళ్ళు. మణవాళనగర్‌లో కాపురం. సొంత బండి లేదు. కారుండీ నడపలేని వాళ్ళు పిలిస్తే వెళ్ళి నడిపి వస్తాడు. అలాంటి వాళ్ళను ఆ పక్క యాక్టింగ్ డ్రైవర్ అంటారు. నెమ్మదైన మనిషని పేరు. ఎవరి జోలికీ పోడు. ఎక్కడైనా తప్పు జరిగితే మాత్రం అది తనది కాదన్నట్టు మెల్లగా పక్కకు తప్పుకుంటాడు.

దామోదరం డెబ్బై దాటిన రైతు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చూపు సరిగా ఆనని కళ్ళు. "తిరుత్తణికి పోవల్ల నాయనా. నువ్వే రావల్లని అడిగి పిలిపించినా" అన్నాడు.

ఆయన భార్య చంద్రావతమ్మ గడపలో నిలబడి మజ్జిగ ఇచ్చింది. తాగుతున్నంతసేపూ పార్థిబన్ మొహంలోకే చూసింది. గ్లాసు తీసుకుంటూ, "ముందు ఏం పని చేస్తా ఉంటివి?" అని అడిగింది.

"ఏవేవో చేసినానమ్మా."

ఆమె గ్లాసు పట్టుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. భర్తకు పోయి రమ్మని కూడా చెప్పలేదు.

కారు పాతదే అయినా బాగా చూసుకున్న బండి. ముందు అద్దానికి రబ్బరు మూతితో అతికించిన జీపీఎస్ పెట్టె ఒకటి ఉంది, అరచేతి కంటే కాస్త పెద్దది. దాని ఒక మూల పగిలి, పగులులో ఎండిన బురద ఇరుక్కుని ఉంది. పార్థిబన్ తన ఫోను తీయబోతే దామోదరం వద్దన్నాడు.

"దీంట్లోనే పోదాం."

"ఇవి ఇప్పుడు యాడ పని చేస్తాయి అయ్యా? కాలం అయిపోయినాయి."

"ఈ పొద్దు వరకు చేస్తాది. రేపు ఒకటో తేదీ. రేపటి నుంచి తెరుచుకోదని ఉత్తరం పంపించినారు."

పూండి చెరువు గట్టు పక్కగా కారు సాగింది. నీళ్ళ వాసన, కుళ్ళిన తుంగ వాసన అద్దాల సందుల్లోంచి లోపలికి వస్తున్నాయి. వైపర్లు కీచుమంటున్నాయి. పెద్దాయన దారి పొడుగునా ఆ పెట్టె గురించే చెప్పుకొచ్చాడు, పోయిన చుట్టాన్ని తలుచుకున్నట్టు.

"కొన్నప్పుడు తెలుగులో చెప్తా ఉండె. ఎడమకు తిరగండి, కుడికి తిరగండి అని ఆడపిల్ల గొంతు. ఒక పొద్దు ఆ గొంతు తీసేసినారు. తరవాత ట్రాఫిక్ చూపించేది పోయె. ఊరి పేరు కొడితే వెతికేది పోయె. అమ్మేటప్పుడు జీవితాంతం మ్యాపు ఉచితం అన్నారు గదా, ఎవరి జీవితాంతం అమ్మా అని ఫోన్లో అడిగినా. ఆ పాప ఏం చెప్పిందో తెలుసునా? మిషను జీవితాంతం సార్, అనింది."

పార్థిబన్ నవ్వబోయి ఆగాడు. పెద్దాయన నవ్వడం లేదు.

తిరువళ్ళూరు దాటారు. లారీలు బురద చిమ్ముతూ పోతున్నాయి. కనకమ్మ సత్రం కూడలికి వచ్చేసరికి ఆరు. చీకటి అప్పుడే ముసురుతోంది. టీ కొట్ల ముందు జనం టార్పాలిన్ల కింద ముడుచుకుని నిలబడ్డారు. కూడలి వెనకబడింది. నల్లటి పొలాలు, అక్కడో దీపం ఇక్కడో దీపం.

అప్పుడు పెట్టె మాట్లాడింది.

"ఎడమకు తిరగండి."

తెలుగులో. ఆడగొంతు. పార్థిబన్ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"గొంతు తీసేసినారన్నారే?"

"తీసేసినారు" అన్నాడు దామోదరం. "తిప్పు నాయనా."

ఎడమ పక్క నిజంగానే దారి ఉంది. తారు రోడ్డు. తెరలో దాని చివర చిన్న అక్షరాలతో ఊరి పేరు కనబడింది. కుప్పమ్మపేట.

పార్థిబన్ ఆ పేరును రెండుసార్లు చదివాడు.

ఆ ఊరు లేదు. ఆ సంగతి అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పన్నెండేళ్ళ కింద అతను మ్యాపుల కంపెనీకి సర్వే పని చేసేవాడు. బైకు మీద ఊరూరా తిరిగి, దారులు మిషనులో ఎక్కించాలి. ఇలాంటి ముసురులోనే, తిరగడానికి బద్ధకం వేసి, కనకమ్మ సత్రంలో కుప్పమ్మ అనే ముసలామె టీ కొట్లో కూర్చుని, నాలుగు కిలోమీటర్ల దారి ఒకటి మిషను తెర మీద వేలితో గీసేశాడు. ఊరు లేకుండా దారి ఒప్పుకోరని చివర ఒక ఊరు పెట్టాడు. టీ పోస్తున్న ఆ రెండు ముక్కుపుడకల ముసలామె పేరే దానికి పెట్టాడు. ఇళ్ళు నలభై అని రాశాడు. ఒక పెట్రోలు బంకు, ఒక బడి, ఒక ఆసుపత్రి. ఆ సాయంత్రమే మరిచిపోయాడు.

"అయ్యా, ఈ దోవ వద్దు. వెనక్కి పోదాం."

"నా కొడుకు సతీషు" అన్నాడు దామోదరం, అతని మాట విననట్టు, "రెండేండ్ల కింద ఈ దోవలోనే పోయినాడు. తిరుత్తణికని బయలుదేరినాడు. బండి చేన్లో దొరికింది. తలుపులు లోపల గడియ ఏసినట్టే ఉండాయి. మనిషి లేడు. ఈ పెట్టె దాంట్లోదే."

పార్థిబన్ పెట్టె పగులులో ఎండిన బురద వైపు చూశాడు.

"కంపెనీకి రాసినా. ఆ దారి లేదయ్యా, తీసేయండి, ఇంకొకరి బిడ్డ పోతాడు అని. ఈ మోడలుకు మ్యాపు నిలిపేసినాము అన్నారు. కొత్తది ఎక్కించరు, పాతది తీయరు. ఎవరెవరితోనో బండి తోలించుకుని నూరుసార్లు వచ్చినా ఈడికి. ఒక్కసారి గూడా దారి కనపడలే. గీసినోడు పక్కన ఉంటే కనపడతాదేమో అనిపించింది. నీ పేరు కనుక్కోను ఏడాది పట్టింది."

ముసలి చెయ్యి వచ్చి స్టీరింగు మీద పడింది. మెల్లగా పోతున్న కారు ఎడమకు తిరిగింది.

వాన ఆగిపోయింది. తగ్గడం కాదు... చప్పున ఆగిపోయింది. అద్దం మీద వైపర్లు పొడిగా గీరుకున్నాయి. కప్పల చప్పుడు లేదు. కీచురాళ్ళు లేవు. చక్రాల కింద రోడ్డు చప్పుడు కూడా లేదు. దారికి అటూ ఇటూ చెట్టు లేదు, మైలురాయి లేదు, కరెంటు స్తంభం లేదు. ఏదో వాసన మాత్రం వస్తోంది. మరిగి మరిగి మాడిన టీ వాసన.

ఒక చోట దారి ఊరికే వంకర తిరిగింది. ఆ వంకర పార్థిబన్‌కు గుర్తుంది. అప్పుడు ఎవరో మోచేతికి తగిలి అతని వేలు జారింది.

ఇళ్ళు వచ్చాయి. నలభై ఇళ్ళు. గోడలు, తలుపులు. కిటికీలు లేవు. బంకు ఉంది, పైపులు లేవు. ఆసుపత్రి ఉంది, దాని వెనక ఏమీ లేదు... గోడ ఒక్కటే. బంకు దగ్గర ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

"సతీషూ" అన్నాడు దామోదరం. ఎంత మెల్లగా అన్నాడంటే, నిద్రపోతున్న పసిబిడ్డను పిలిచినట్టు అన్నాడు. తలుపు తీసుకుని దిగిపోయాడు.

ఆ మనిషి తిరిగాడు. నీలం చొక్కా, ముప్పై ఏళ్ళ వయసు. కొడుకే. దామోదరం రెండు చేతులతో అతని మొహం పట్టుకున్నాడు. సతీష్ తండ్రిని చూడలేదు. తండ్రి భుజం మీదుగా కారు దీపాలను చూస్తూ అడిగాడు.

"ఇంగ ఎంత దూరం?"

"నేను రా, మీ నాయనను."

"ఇంగ ఎంత దూరం?"

అతని ముక్కుకు రెండు పక్కలా చిన్న బొడిపెలు లేచి ఉన్నాయి. ముక్కుపుడకలు పెట్టుకునే చోట. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, పళ్ళూడిన ముసలామె బుగ్గల్లా.

తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి... మూడు... నలభై. ఇళ్ళలోంచి జనం వచ్చారు. పంచెలు కట్టుకున్న మగవాళ్ళు, చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు, నడుం ఎత్తు పిల్లలు. అందరికీ ఒకటే మొహం. పార్థిబన్ ఆ మొహాన్ని వెంటనే గుర్తు పట్టాడు. ఊరు గీసిన పూట అతని కళ్ళ ముందున్నది ఆ ఒక్క ముసలి మొహమే.

వాళ్ళు పరుగెత్తలేదు. నడిచి వస్తున్నారు.

దామోదరం కొడుకు చెయ్యి పట్టి లాక్కుంటూ కారు దగ్గరకు వచ్చాడు. పది అడుగుల దూరంలో సతీష్ కాళ్ళు ఆగిపోయాయి. ఎంత లాగినా కదలడం లేదు. ముసలాయన అద్దం దగ్గరకు వంగాడు.

"వీడు రాలేకుండా ఉండాడు. పోను మాత్రమే గీసినావు నాయనా. రాను గీయలే. నీకు తెలుసును గదా. సర్వే వాళ్ళకు వేరే పేజీ ఉంటాదంట గదా. తెరువు. రెండో దిక్కు గీయి."

నిజమే. ఫారంలో ఒన్ వే అని ఒక గడి ఉంటే, చదవకుండానే అవునని పెట్టేశాడు. పార్థిబన్ వేలితో తెర మూల నొక్కి పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. పన్నెండేళ్ళ తరవాత కూడా ఆ పేజీ తెరుచుకుంది. కుప్పమ్మపేట దారి. కింద రెండు మీటలు. ఒకటి, దిక్కు మార్చు. రెండోది, దారి తీసేయి.

దిక్కు మార్చితే సతీష్ వస్తాడు. సతీష్ ఒక్కడే వస్తాడా?

పార్థిబన్ తలెత్తి చూశాడు. ఆ మొహాలు బానెట్టు దాకా వచ్చాయి. పిల్లల్లో ఒకరు బంపరు మీద చెయ్యి వేశారు. అందరూ ఒకేసారి, ఒకే గొంతుతో, గుసగుసగా...

"ఇంగ ఎంత దూరం?"

పార్థిబన్ తలుపులన్నీ లాక్ చేశాడు. ఆ చప్పుడు దామోదరం విన్నాడు. ఆయన మొహంలో కోపం రాలేదు. అర్థం కానట్టు చూశాడు.

"నాయనా... నేను బయట ఉండా."

ముసలి వేళ్ళు అద్దాన్ని తట్టాయి. మెల్లగా. మర్యాదగా. పార్థిబన్ ఆయన కళ్ళలోకి చూస్తూనే రెండో మీట నొక్కాడు.

ఈ దారిని తీసేయాలా, అని అడిగింది తెర.

అవును. ఆ దారి గీసిన వేలితోనే నొక్కాడు.

అద్దం మీద తట్టుడు మధ్యలో ఆగిపోయింది.

వాన చప్పున మీద పడింది. కప్పలు అరుస్తున్నాయి. కారు వేరుశనగ చేన్లో, ముళ్ళకంపలోకి ముందు భాగం దూర్చి ఆగి ఉంది. పక్క సీటు ఖాళీ. పెట్టె తెర నల్లగా చచ్చిపోయి ఉంది. రెండు ఫర్లాంగుల దూరంలో తిరుత్తణి రోడ్డు మీద లారీల దీపాలు పోతున్నాయి.

రోడ్డు మీద పోయేవాళ్ళు చూసి పోలీసులకు చెప్పారు. ఏడున్నరకు పార్థిబన్ స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పెద్దాయన కూడలి దగ్గర దిగిపోయాడని చెప్పాడు. ఎందుకు దిగాడో, ఎటు పోయాడో తనకు తెలియదన్నాడు. తరవాత బండి జారి చేన్లో పడిందన్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. అబద్ధం ఇంత సులభంగా వస్తుందని అతనే అనుకోలేదు.

పోలీసులు కబురు పెడితే, రాత్రి పది దాటాక చంద్రావతమ్మ వచ్చింది. తడిసిన చీరతోనే అతని ముందు నేల మీద కూర్చుంది. మొగుడు ఏమయ్యాడని అడగలేదు.

"మా బిడ్డ కనపడినాడా?" అంది, ఎవరికీ వినపడకుండా. "ఆయన్ను చూసి గుర్తు పట్టినాడా? ఆ ఒక్క మాట చెప్పు నాయనా. ఎవరికీ చెప్పను."

చెప్పి ఉండవచ్చు. చెబితే ఆమెకు కాస్త అన్నం దిగేది. చెబితే ఇంకో ప్రశ్న వస్తుంది.

"నాకేం తెలియదమ్మా. మీరు ఎవరి గురించి అడుగుతా ఉండారో కూడా తెలియదు."

ఆమె గోడ పట్టుకుని లేచి, వానలోనే బయటికి పోయింది.

రైటరు వాంగ్మూలం రాసి ముగించి, సంతకం పెట్టించుకుని, ఇంకు మెత్త ముందుకు జరిపాడు. "బొటనవేలు వేయి."

పార్థిబన్ వేశాడు. కాగితం మీద నున్నటి నల్ల చుక్క పడింది.

"సరిగా ఒత్తవయ్యా."

మళ్ళీ వేశాడు. అదే చుక్క. రైటరు విసుక్కుని గుడ్డతో వేలు తుడిచి, తనే పట్టుకుని దొర్లించాడు. తరవాత చూపుడువేలు. తరవాత మిగతా మూడూ. కాగితం మీద ఐదు చుక్కలు, మసిబొట్లలా, ఒక్క గీత లేకుండా.

రైటరు ఆ చేతిని వెల్లకిలా తిప్పి ట్యూబ్‌లైటు కిందకు లాగాడు. అరచేయి తెల్లగా, నున్నగా మెరిసింది. పుట్టిన బిడ్డకైనా ఉండే గీతలు అందులో లేవు. రైటరు మెల్లగా చెయ్యి వదిలేసి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఎప్పటి నుంచి ఇట్ల ఉండాది?" అన్నాడు గొంతు తగ్గించి.

పార్థిబన్ తన చేతిని చూసుకున్నాడు. పిడికిలి బిగించాడు. వేళ్ళు మూసుకున్నాయి గానీ, చర్మం ఎక్కడా మడత పడలేదు.