జయపాల్ గారి గ్రేడరు

"టైర్ని తన్నకండి!"

సాయిగణేష్ లేపిన కాలు గాల్లోనే ఆగిపోయింది. తిరిగి చూస్తే వానలో గొడుగు పట్టుకుని ఒక అమ్మాయి కళ్లెర్రజేసి నిలబడి ఉంది.

"తన్నడం కాదండీ, చెక్ చేస్తున్నాను."

"మీ బైకు టైర్లు కూడా ఇలాగే చెక్ చేస్తారా?"

"అది నేను కొనేసుకున్నాను కదండీ. ఇంకా కొననివాటినే తంతాం."

ఆ అమ్మాయి నవ్వు కనపడకుండా గొడుగు కిందికి దించుకుంది. మనవాడి పని అక్కడే అయిపోయింది, పాపం.

పాత మెషిన్లకు వెల కట్టడం సాయిగణేష్ ఉద్యోగం. ఆ రోజు భవానీపురంలో ఏటి పక్కనున్న షెడ్డులో ఒక మోటారు గ్రేడరును చూడడానికి వచ్చాడు. పొడుగాటి ఒళ్లు, కడుపు కింద అడ్డంగా ఇంత బ్లేడు, మట్టిని చదును చేసుకుంటూ పోయే బండి. ఓనరూ డ్రైవరూ జయపాలే. గొడుగులో అమ్మాయి ఆయన కూతురు వినీల, కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. కొంటానన్నది ఉయ్యూరు కాంట్రాక్టరు మీరావలి. చెరకు తోటల రోడ్లు, కాలవ గట్లు ఆయన పనులు.

పాత గ్రేడరు కొన్నవాళ్లు దాని డ్రైవర్ని కూడా వెంటబెట్టుకు పోవడం ఈ వ్యాపారంలో మామూలు. ఒక్కో గ్రేడరుకీ ఒక్కో మొండితనం, అది కొత్తవాడి మాట వినదు. కాబట్టి బండి పనికొస్తుందని తేలితే జయపాల్‌కి మళ్లీ పని. తుక్కుకి పోతే ఆయన ఇంట్లో కూర్చోవడమే. భార్య పోయాక ఆయనకు కూతురు తర్వాత ఉన్నది ఆ సీటొక్కటే.

"రంగు నేనే వేయించాను. బాగుందా?" అంది వినీల.

"బాగుందండీ. నా చొక్కాక్కూడా కొంచెం అంటింది."

కొత్త రంగు కనపడితే కిందికి దూరి చూడాలి. ఈ పనిలో నేర్పే మొదటి పాఠమే అది. కానీ కింద బురద, పైన వాన, పక్కన వినీల. తను తడుస్తూ గొడుగు అతని మీదికి వంచుతోంది. సాయిగణేష్ క్యాబిన్ పక్కనున్న నంబరు ప్లేటు చదివాడు. ఇంజను మీటనొక్కగానే అందుకుంది.

"ఢోకా లేదండీ. మీరావలి గారికి చెప్పేస్తాను," అన్నాడు.

చెప్పేశాడు కూడా. ఆ మాట పట్టుకుని మీరావలి జయపాల్‌ని సిద్ధంగా ఉండమన్నాడు. జయపాల్ ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. వీధిలో కనపడ్డవాళ్లందరికీ ఉయ్యూరు కబురు చెప్పాడు. "మా నాన్న మళ్లీ ఈల వేస్తున్నారు, తెలుసా?" అని వినీల ఫోన్లో మురిసిపోతుంటే ఇవతల సాయిగణేష్ గుండె ఉప్పొంగింది. ఫోన్లు గ్రేడరుతో మొదలై ఎక్కడెక్కడికో పోతున్నాయి.

రిపోర్టు మీద సంతకం పెట్టాలి కాబట్టి ఎండకాసిన రోజున మళ్లీ వచ్చాడు. ఈసారి కిందికి దూరాడు. ఇనప బ్రష్షుతో గీకితే రంగు రాలింది. రంగు కింద అడ్డంగా వెల్డింగు చేసిన ఇనప పట్టీ, దాని వెంట సన్నగా పగులు. ముందు దూలం మీద గుద్దిన నంబరు వేరు, క్యాబిన్ పక్కన ప్లేటు మీదున్న నంబరు వేరు. ముందు సగం ఒక బండిది, వెనక సగం ఇంకో బండిది.

"అవునండీ," అన్నాడు జయపాల్ దాపరికం లేకుండా. "ముందు భాగం విరిగితే ఆటోనగర్లో ఇంకోటి తెచ్చి అతికించాం. అతుకు గట్టిగానే ఉందిగా?"

"పగులొచ్చిందండీ."

"పగులేంటి, గీతేగా! దాంతోనే ఇన్నాళ్లూ రోడ్లేశాను."

వినీల అతన్ని షెడ్డు బయటికి లాక్కెళ్లింది.

"రిపోర్టులో ఆ ఒక్క లైనూ రాయమాకండి."

"మీ నాన్నగారు దాన్ని కాలవ గట్టు మీదికి ఎక్కిస్తారండీ. అక్కడ విరిగితే?"

"ఎక్కించకపోతే ఏమవుతారో నాకు తెలుసు. పోయినేడంతా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అన్నం కూడా నేను కలిపి పెడితేనే తిన్నారు. మళ్లీ అలా చూడలేను."

"నాకూ బాధేనండీ."

"మీకేం బాధ? ఢోకా లేదన్నది మీరే కదా! ఆశ పెట్టిందీ మీరే, తీసేస్తున్నదీ మీరే!"

ఆ రోజే తను బురదలోకి దూరి ఉంటే ఆయన ఈల వేసేవాడూ కాదు, ఇంత కిందికి పడేవాడూ కాదు.

"వినీలా, మీరంటే నాకు ప్రాణం," అనేశాడు, ఇంకేం అనాలో తోచక.

ఆమె అతని మొహంలోకి చూసి ఏడుస్తూనే నవ్వింది. "టైమింగ్ అదిరిందండీ. వెళ్లండి. ఇంకెప్పుడూ ఫోన్ చేయకండి."

సాయిగణేష్ తుక్కు అనే రాశాడు. మీరావలి తప్పుకున్నాడు. వినీల నంబరు కలవడం మానేసింది. ఈల ఆగిపోయిందని షెడ్డు పక్క టీకొట్టతను చెప్పాడు. అది విన్నాక సాయిగణేష్ ఏ మెషిను చూడబోయినా ముందు కిందికే దూరేవాడు.

తుక్కువాళ్లు క్రేన్ తెచ్చిన రోజు ఆగలేక వెళ్లాడు. లోపలికి పోయే ధైర్యం లేక గేటు దగ్గరే నిలబడ్డాడు. జయపాల్ గోడ పక్కన కుర్చీలో ఉన్నాడు, మాసిన గడ్డంతో. వినీల ఆయన భుజం మీద చెయ్యేసి నిలబడింది. ఇటు చూసి మొహం తిప్పుకుంది.

ముందు భాగానికి గొలుసు కట్టి క్రేన్ పైకి లాగింది. చక్రాలు ఇంకా జానెడు లేచాయో లేదో ఫెళ్లుమంది. అతుకు దగ్గర బండి రెండుగా విడిపోయి, వెనక సగం క్యాబిన్‌తో సహా పక్కకి ఒరిగి గోడని గుద్దుకుంది. సీటు నలిగిపోయింది.

జయపాల్ లేచి వెళ్లి ఆ సీటు వంక చాలాసేపు చూశాడు.

"నేనందులోనే ఉండేవాణ్ణమ్మా," అన్నాడు. తర్వాత నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. బతికినందుకో, బండి పోయినందుకో ఆయనకే తెలియదు.

వినీల గేటు దాకా వచ్చింది.

"మీరే కరెక్టని చెప్పడానికి రాలేదు."

"వద్దండీ. నాకేం సంతోషంగా లేదు."

"మీ మీద కోపం ఇంకా పోలేదు."

"తెలుసు."

"రేపట్నుంచి ఆయన మళ్లీ గోడకేసి చూస్తారు. ఒక్కదాన్నే చూసుకోవాలంటే నాకు భయంగా ఉంది. వస్తారా? రోజూ?"

"వస్తాను."

"నేను తిట్టినా?"

"తిట్టినా వస్తానండీ."

అవతల నేల మీద నుంచే జయపాల్ చెయ్యెత్తి పిలిచాడు.

"అబ్బాయ్, ఇలా వచ్చి కూర్చో. నన్ను బతికించావు కదా, ఇంక ఏం చేయాలో అదీ నువ్వే చెప్పు."

సాయిగణేష్ వెళ్లి ఆయన పక్కన మట్టిలో కూర్చున్నాడు. వినీల కూడా వచ్చి ఇటు పక్కన కూర్చుంది.