నలభయ్యో ముక్క

కరీంనగర్‌లో ఒక మెడికల్ కాలేజీ ల్యాబులో రెండు గాజు స్లైడ్ల మీది నంబర్లు కొట్టుకుపోయింది బుధవారం, వాన పడుతున్న మధ్యాహ్నం.

పెన్సిల్‌తో రాయాల్సినవి. రంగు వేసే మందుల్లో పెన్ను సిరా నిలవదు. పాథాలజీ పీజీ చదువుతున్న రచనకు అది తెలియక కాదు. పెన్సిల్ కనబడలేదు, పక్కన నిలబడ్డ ఇ.ఎన్.టి. డాక్టర్ రిత్విక్ జేబులో పెన్ను కనబడింది.

“అంత నీ పెన్ను వల్లనే!”

“పెన్ను నాదే, రాసింది నువ్వు గదా. నన్నెందుకు తిడుతవ్?”

“నవ్వకు. జర ఇటు చూడు.”

ఆమె పరిశోధన ముక్కులో పెరిగే కండల మీద. అవి కేన్సర్ కావు. కానీ కణం దారి తప్పకుండా కాపలా కాసే పి53 ప్రొటీన్ చెడితే, అది కణాల్లో పేరుకుని, రంగు మందు వేసినప్పుడు గోధుమరంగుగా కనబడుతుంది. అలాంటి మనిషిని వదలకుండా కనిపెట్టుకుని ఉండాలి. నంబరు పోయిన రెండింటిలో ఒకటి తేటగా ఉంది. రెండోది ముదురు గోధుమరంగు.

“పద్నాలుగు, నలభై. ఏది ఎవరిదో తెలుస్తలేదు,” అంది రచన. “పద్నాలుగు ఖానాపూర్ సత్తమ్మది. నలభై ఎవరిది? పేరు రాయకుండనే పంపినవ్.”

రిత్విక్ నవ్వు ఆగిపోయింది.

“నాది.”

“ఏందీ?”

“ముప్పై తొమ్మిదే దొరికినయి, ఇంకొక్కటి దొరుకుతలేదని ఎంత పరేషాన్ అయినవ్! నా ముక్కుల ఎట్లాగూ కండ ఉండె. దసరా అయినంక తీయించుకుందామనుకున్న. నీ కోసం ముందే తీయించుకున్న.”

“పిచ్చోడా! ఎవరన్న గులాబీ ఇస్తరు.”

“ఇద్దామనే ఉండె. వాసన తెలిస్తే గదా, మంచిది ఏరడానికి!”

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. నంబర్లతో సహా మైనంలో భద్రంగా ఉన్న అసలు ముక్కల నుంచి మళ్లీ సన్నటి పొరలు కోసింది. ఈసారి పెన్సిల్ వెతికి తెచ్చి రాసింది.

గురువారం సాయంత్రం మైక్రోస్కోప్ మీది నుంచి తల ఎత్తడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

“చెప్పు, దాచకు.”

“నీది తేటగున్నది.” రచన కళ్లు తుడుచుకుంది. “ఇంకోసారి నాకు చెప్పకుండ గిట్ల చేసినవనుకో...”

“ఇగ చెప్పే చేస్త. మీ బాపుతోని మాట్లాడుదామనుకుంటున్న. రావాల్నా?”

“ఆదివారం మా సుల్తానాబాద్ బస్టాండ్ల ఆయనే నీకు ఎదురొస్తడు.”

“అంటే?”

“నేను చెప్పి నెలయింది. నువ్వే ఆలస్యం.”

అతను ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె వదిలించుకోలేదు. కాసేపటికి ఇద్దరి చూపూ ఒకేసారి రెండో స్లైడు మీద పడింది. గోధుమరంగు పద్నాలుగుదే.

రచన రిజిస్టరు తెరిచి ఫోన్ నంబరు వెతికింది.

“కేన్సర్ కాదు, మళ్ల మళ్ల వచ్చి చూపిచ్చుకోవాలె అని చెప్పు,” అన్నాడు రిత్విక్. “భయపడకుండ చెప్పాలె.”

“ఆమెనా, నేనా, భయపడకుండ?”

అతను ఫోన్ ఆమె ముందుకు జరిపాడు. రచన సత్తమ్మ నంబరు ఇంకా నొక్కలేదు.