రాక్షసుణ్ణి ఏడిపించిన సుంకులి

కుందవరం రాజ్యానికంతటికీ ఒకటే ఏరు. ఒక ఎండాకాలం గండశిలుడనే రాక్షసుడు దప్పికతో కొండ దిగి వచ్చి, ఆ ఏటిని ఒక్క గుక్కలో తాగేసి గుహకు పోయాడు. రాజు వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాడు. ఏరు తన కంట్లోంచే బయటికి రావాలనీ, తొలకరిలోగా తనను ఏడిపించే కథ ఎవరూ చెప్పకపోతే ఏటితో సహా కొండలవతలికి పోతాననీ రాక్షసుడు తేల్చి చెప్పాడు.

ఆస్థాన కవులు ఒకరి వెనక ఒకరు వెళ్లారు. గండశిలుడు ఆవులించి, అందరినీ మెడపట్టి బయటికి నెట్టాడు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఎవరి రచననైనా కాదంటే, ఆ తాటాకులు ఏట్లో కలిపేసి, మళ్లీ గంటం ముట్టకూడదు. కవులు తమ ఆకులను ఎండిన ఇసుకలోనే పారేసి ఇళ్లకు పోయారు. పరువు గలవారు కదా, మళ్లీ రాయలేదు.

పడవ నడిపే ఓబన్న కూతురు సుంకులికి కథలు రాయడం ఇష్టం. ఏరు రాకపోతే తండ్రి పడవను పగలగొట్టి, ఊరు విడిచి పోవాలి. అందుకని చనిపోయిన రాణి కథ ఒకటి రాసుకుని అడవి దాటి వెళ్లింది. రాక్షసుడు చివరిదాకా విని, బాగాలేదన్నాడు.

ఆకులు కలిపేద్దామని ఆమె ఏటికి వచ్చింది. ఓబన్న అడ్డుపడ్డాడు.

"నీళ్లు లేని చోట కలపడమేందమ్మా? ఏరు వచ్చిందాకా ఆకులూ నీవే, గంటమూ నీదే."

ఇది ఒప్పో తప్పో పండితులు సభ తీర్చి వాదించుకుంటూ ఉండగానే సుంకులి కథ తిరగరాసి మళ్లీ బయలుదేరింది. దారిలో మాటలాడే ఎలుగుబంటి ఒకటి అడ్డగించి, కథ చెబితేనే వదులుతానంది. చెబుతుంటే మధ్యలోనే గుర్రుపెట్టింది. నిద్రలేచాక, రాణి నగల వర్ణన తనను జోకొట్టిందని చెప్పి దారి ఇచ్చింది. సుంకులికి ఉక్రోషం వచ్చింది. అయినా నగలన్నీ తీసేసింది. గండశిలుడు ఈసారీ చివరిదాకా విని, కాదని తల ఊపాడు.

తిరుగుదారిలో ఆమె ఒక ముని ఆశ్రమం గడపలో కూలబడి ఏడ్చింది. ఇక తనవల్ల కాదంది. ముని కథ అడిగి విన్నాడు.

"నీ కథలో రాజు ఏడుస్తాడు, చెలికత్తెలు ఏడుస్తారు, గుర్రాలు కూడా ఏడుస్తాయి. ఇక వినేవాడికి ఏం మిగిల్చావు తల్లీ? అయినా, నువ్వు రాణిని ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. సుంకులి రాణిని వదిలేసి, ఆ గడపలోనే కూర్చుని కొత్త కథ రాసింది. అప్పటికి ఆకాశం మబ్బు పడుతోంది. ఆమె వెళ్లేసరికి గండశిలుడు మూట కట్టుకుని గుహ బయట నిలబడి ఉన్నాడు.

"రెండుసార్లు కాదన్నాను. మళ్లీ ఎందుకొచ్చావు పిల్లా?"

"రెండుసార్లూ చివరిదాకా విన్నారు కదయ్యా. అందుకొచ్చాను."

ఆమె చెప్పింది చిన్న కథ. ఒక పడవవాడు రోజూ ఎండిన ఏట్లోకి దిగుతాడు. ఇంట్లో తాగడానికి తెచ్చుకున్న నీళ్లలో సగం పోసి పడవను కడుగుతాడు, చెక్కలు బీటలు వారకుండా. ఎవరైనా అడిగితే, రేపు నీళ్లొస్తాయి కదా అంటాడు.

"తరవాత?" అన్నాడు రాక్షసుడు.

"తరవాత లేదు. ఈ పొద్దు కూడా కడుగుతుంటాడు."

గండశిలుడు మూట కింద పెట్టాడు. అతని కంటి కొసన ఒక చుక్క నిలిచింది. వెనకనే ఏరంతా వచ్చింది.

రాజు సుంకులిని ఆస్థాన కవిని చేశాడు. ఆమె మొదట ఆ పాత ఆచారాన్ని కొట్టివేయించింది. ఇసుకలో ఆకులు పారేసిన కవులు కొందరు సిగ్గుపడుతూనే మళ్లీ గంటం పట్టారు.

ఏరు దాటేవాళ్లు ఓబన్నను, నీ కూతురి కథ ఎలా ఉందని అడుగుతుండేవారు.

"బాగుంది గానీ, పడవ సంగతి ఇంకొంచెం చెప్పుండొచ్చు అన్నాను," అనేవాడతను తెడ్డు వేస్తూ. "మళ్లీ రాస్తా ఉంది."